ఎండలో చూడాలి

మొదట రాసింది చెరిపేశాను.
"చాలా బాగుంది" అని మొదలైంది అది.
ఎవరికి బాగుంది, ఏ ఫోనులో, ఎంతసేపు వాడితే,
ఒక్కటీ చెప్పకుండా
పెళ్లిభోజనం తిని చెయ్యి కడుక్కుంటూ అనే మాటలా.

కిసుములో నా గది రెండో అంతస్తు.
కింద టైర్లకి పంక్చర్లు వేస్తారు,
గాలిపంపు చప్పుడు నా ప్రతి వాక్యానికీ కామా.
కర్టెన్లు లాగి, ఫ్యాను కింద కూర్చుని,
కొత్త ఫోనులో
చిల్లర వ్యాపారుల లెక్కల సాఫ్ట్‌వేర్‌ని
నలభై నిమిషాలు చూశాను.
లేత బూడిదరంగు మీద తెల్లటి అంకెలు.
నీటిబుడగల్లా విచ్చుకునే బొత్తాలు.
అయిదుకి నాలుగున్నర నక్షత్రాలు
వేలి చివర సిద్ధంగా ఉన్నాయి.

కంపెనీ వాళ్లు ఏడాది చందా ఉచితంగా ఇచ్చారు.
ఉప్పు తిన్న నాలుక కాస్త మెత్తబడుతుంది.
ఆ సంగతి మొదటి వాక్యంలోనే చెప్పాలని నా నియమం.
చెప్పాను.
చెప్పాక కూడా ఏదో వెలితి.

మర్నాడు డుంగా రేవుకి వెళ్లాను.
అపొండి అక్కడ ఒమెనా అమ్ముతుంది,
చిటికెన వేలంత వెండి చేపలు
తగరం డబ్బాతో కొలిచి, పైన గుప్పెడు కొసరు వేసి.
వాడి చూడమని నా ఫోను ఇచ్చాను.
"నీ కొత్తది వద్దు. నా దాంట్లో పెట్టు" అంది.
ఆమె ఫోను తెర మూల నుంచి మూలకి బీటలు.

పదకొండు గంటల ఎండ.
బూడిద మీద తెలుపు
పాలలో సున్నంలా కలిసిపోయింది.
అరచెయ్యి గొడుగు పట్టి చూసింది.
నన్ను అటు తిరిగి నిలబడమని
నా వీపు నీడలో పెట్టి చూసింది.
తడి బొటనవేలు, దాని మీద పొలుసు.
నొక్కితే తెర పలకలేదు.
లెసో కొంగుకి తుడుచుకుని మళ్లీ నొక్కింది.
నలభై కొట్టబోతే నాలుగు వందలు పడింది.
దిద్దుకునే దారిని మూడు గదుల లోపల దాచారు.
ఈలోగా ఇద్దరు బేరగాళ్లు పక్క బల్లకి వెళ్లిపోయారు.
ఆ ఇద్దరి ఖరీదు ఏ నక్షత్రం కింద రాయను?

పైన పటారం, లోన లొటారం.
ఆ రాత్రి కోపంతో రాశాను,
పదునైన వాక్యాలు, చదివితే నవ్వొచ్చేవి.
నా తెలివికి నేనే ముచ్చటపడి
రెండుసార్లు పైకి చదువుకున్నాను.
అప్పుడే అనుమానం రావాల్సింది నాకు:
రాసినవాళ్లే అంత మురిసిపోతుంటే
కొనేవాళ్లకి మిగిలేదేముంటుంది?

శనివారం అపొండికి లువోలో చదివి వినిపించాను.
నవ్వలేదు.
చేపల మీద ఈగల్ని తోలుతూ
"అప్పుల పేజీ గురించి రాయలేదేం?" అంది.

ఏ అప్పుల పేజీ?
నేను తెరవనే లేదు. నాకెవరూ బాకీ లేరు.
నేను తీసెయ్యడం మరిచిన సాఫ్ట్‌వేర్‌ని
ఆమె నాలుగు రోజులుగా వాడుతోందట,
పొద్దున్నే, ఎండెక్కకముందు, పొడి చేత్తో.
ఒగుతు హోటల్ మూడు వారాల బాకీ
అందులో ఎర్రగా నిలబడింది.
తీసుకెళ్లి చూపించింది. సగం వసూలైంది.
"నోటుబుక్కు చూపిస్తే నువ్వే రాసుకున్నావంటారు.
ఫోను చూపిస్తే తల గోక్కుంటారు."

మూడోసారి మొదలుపెట్టాను.

రోజంతా ఎండలో అమ్మేవాళ్లకి ఇది పనికిరాదు.
అరువిచ్చేవాళ్లకి పనికొస్తుంది,
పొద్దున్నే రాసుకునే ఓపిక ఉంటే.
అంకె తప్పు పడితే కుడి మూల మూడు గీతలు నొక్కి,
పాత లెక్కల్లోకి వెళ్లి,
తప్పు మీద వేలు అదిమి పట్టండి.
కొనేముందు ఒకసారి ఆరుబయట తెరిచి చూడండి.
నక్షత్రాలు వెయ్యలేదు. ఎన్ని వెయ్యాలో తెలియలేదు.

కరెంటు పోయింది. కింద పంపు ఆగింది.
బ్యాటరీ పదకొండు శాతం.
చివర ఎప్పుడూ రాసే వివరాలు రాశాను:
ఫోను నాలుగేళ్ల పాతది, తెర పగిలింది.
చోటు రేవు, నీడ లేదు.
వాడినవాళ్లం ఇద్దరం.
పంపబోతూ ఆగి
ఆమె పేరు ముందుకి జరిపాను.